విలన్ జవాబు

కొరియా పగ సినిమాలంటే నాకు ఒళ్లు మంట. వానలో ఒకడు సుత్తి పట్టుకుని నడుస్తుంటాడు, వాడి పగ తీరేసరికి తెర మీద నెత్తురు అంటని చోటు మిగలదు. జనం మాత్రం ఎగబడి చూస్తారు. డబ్బింగ్ స్టూడియోలో గొంతులు రికార్డు చేసేవాణ్ణి గనక నేను పొట్టకూటికి చూస్తాను.

ఈసారి సినిమాలో ఒక అక్క, తమ్ముణ్ణి చంపినవాణ్ణి ఏళ్ల తరబడి వెతికి, పాడుబడ్డ గోదాములో కుర్చీకి కట్టేస్తుంది. ఆమెకు గొంతు ఇస్తున్నది మా కన్నీళ్లక్క. ఎవరి ఏడుపైనా చిటికెలో ఏడ్చిపెడుతుందని ఆ పేరు పెట్టాం. అలాంటి మనిషి "నా తమ్ముణ్ణి ఎందుకు చంపావు?" అనే ఒక్క ముక్క దగ్గర చతికిలబడింది. ఎన్నిసార్లు చెప్పించినా బస్సు ఎప్పుడొస్తుందని అడిగినట్టే ఉంది. డైరెక్టర్ తల పట్టుకున్నాడు. ఇంకోసారి చూసి, కుదరకపోతే పాత్ర వేరేవాళ్లకు ఇచ్చేస్తానని నాతో చెప్పి టీకి వెళ్లాడు. ఆ మాట ఆమెకు చేరవేశాను, కాస్త విసుగ్గానే.

ఆమె హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఈ మాట నేను నిజంగానే ఒకాయన్ని అడిగానండీ," అంది.

ఆమె తమ్ముడు ఫ్యాక్టరీలో పనిచేసేవాడట. యంత్రం ఆపితే పని వెనకబడుతుందని, అది తిరుగుతుండగానే శుభ్రం చేయమని సూపర్‌వైజర్ వాణ్ణి లోపలికి పంపాడు. వాడు అందులోనే నలిగి చనిపోయాడు. కేసు నిలబడలేదు. చాలా ఏళ్లకు ఆమె ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. ఆయన కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు. ఎంత ఆలోచించినా అలాంటి కుర్రాడెవరూ గుర్తు రావడం లేదన్నాడు.

"అబద్ధమాడలేదండీ. నిజంగానే మర్చిపోయాడు. ఇప్పుడు ఈ మాట అడగాలంటే గొంతు ఎక్కణ్ణుంచి వస్తుంది?"

మా పనిలో ఎవరి గొంతు వారిదే, విడివిడిగా ఎక్కిస్తాం. ఆమె ప్రశ్నకు బదులుగా ఆమెకు వినపడేది అర్థంకాని కొరియా గొణుగుడే. విలన్ మాటలు పొద్దున్నే తెలుగులో ఎక్కించాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకోమని చెప్పి, అవి వినిపించాను.

"మర్చిపోతానా?" అన్నాడు విలన్. "ఆ రోజు వాడు నీలం చొక్కా వేసుకున్నాడు. మెడ దగ్గర గుండీ లేదు. చివరిదాకా నిన్నే పిలిచాడు."

రికార్డింగ్ గది అద్దం అవతల ఆమె కళ్లు మూసుకుంది. మళ్లీ వెయ్యమంది. వేశాను. ఇంకోసారి అంది. జనం చీకట్లో అంతసేపు ఓపిగ్గా కూర్చునేది ఈ జవాబు కోసమేనని నా మట్టిబుర్రకు అప్పుడు ఎక్కింది. సిగ్గేసింది.

డైరెక్టర్ వచ్చేసరికి ఆమె మైకు ముందు నిలబడి ఉంది. రికార్డింగ్ మొదలైనట్టు ఎర్రదీపం వెలిగించాను.

"నా తమ్ముణ్ణి ఎందుకు చంపావు?"

డైరెక్టర్ ఇది చాలన్నట్టు నాకు చెయ్యి ఊపాడు.

ఆమె బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే, మంచినీళ్లు తాగి వెళ్లమన్నాను. వద్దంది.

"వీడికైనా గుర్తున్నాడండీ మావాడు," అంది.