వలలో వెంట్రుకలు

చంటివాడికి మూడో నెల నిండినప్పుడు వదినకు జుట్టు ఊడడం మొదలైంది. దువ్వెన పెడితే పిడికెడు వచ్చేది. పెట్టకపోయినా వచ్చేది. పడుకుని లేచిన చాప మీద, పిల్లవాడి గుప్పిట్లో, అన్నం కుండ మూత మీద, ఎక్కడ చూసినా వెంట్రుకలే. వదిన పేరు కామమ్మ. ఆమె మా ఇంటికి కోడలుగా వచ్చిన రోజు ఆ జడ చేత్తో పట్టి చూడని ఆడది మా పాళెంలో లేదు. వాకాడుకు తూర్పున, సముద్రపు ఒడ్డున, అరవై గడపల ఊరు మాది. ఒక జడ పెరిగినా తరిగినా అందరికీ తెలిసిపోతుంది.

కాన్పు కష్టమైంది. రెండు చీరలు తడిసిపోయేంత నెత్తురు పోయింది. వెంటనే జ్వరం పట్టుకుని ఇరవై రోజులు వదల్లేదు. మా అమ్మ పథ్యం గట్టిగా పెట్టింది. ఒక పూట అన్నం, వెల్లుల్లి కారం, కాచి చల్లార్చిన నీళ్ళు. చేపలు పట్టి బతికే ఇంట్లో మూడు నెలలు వదిన నోట్లోకి చేపముక్క పోలేదు. జ్వరం తగ్గి, లేచి నిలబడగలిగిన వారానికే అమ్మ ఆమె నెత్తిన చేపల తట్ట పెట్టి వాకాడుకు పంపింది.

బావి దగ్గర ఆడవాళ్ళు తలా ఒక మాట అన్నారు.

"ఈ ఉప్పునీళ్ళు పోసుకుంటే ఊడక ఏమవుద్ది?" అంది చెంచమ్మ.

"మనమూ ఈ నీళ్ళే కదమ్మే పోసుకునేది. నీ కొప్పు ఊడిందా?"

"నాకు కొప్పంటూ ఉంటే కదా ఊడేదానికి!"

అందరూ నవ్వారు. వదిన కూడా కొంచెం నవ్వింది.

"దిష్టిలే. అంత జడేసుకొని ఊళ్ళంబడి తిరిగితే కళ్ళు ఊరుకుంటాయా?"

"దిష్టీ కాదు, ఏమీ కాదు." చెంచమ్మ చేద పైకి లాగి గట్టు మీద పెట్టింది. "మొగుడు సంద్రం మీద ఉండంగా తల ఇరబోసుకొని ఉంటాది. నేను చూసినా."

నవ్వులు ఆగిపోయాయి. తెప్ప నీళ్ళ మీద ఉన్నంతసేపు ఆ ఇంటి ఆడది తల దువ్వదు, ముడి విప్పదు. ఇది మా వాళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. వదిన బిందె ఎత్తి చంకన పెట్టుకుంది. "ముడి నేను ఇప్పలేదత్తా. అదే జారిపోతాంది. పట్టుకునేదానికి ఎంటికలు లేవు," అంది.

నెలకొకసారి పిల్లలను తూచడానికి వచ్చే నర్సమ్మ రెబెక్కమ్మ ఆ వారం మా ఇంటికి వచ్చింది. పిల్లవాడిని చూశాక వదిన కింది రెప్ప లాగి చూసింది.

"సున్నం కొట్టినట్టు ఉండాది. నెత్తురు పోయె, పైన జ్వరం వచ్చె, ఆ పైన మీ పస్తులు. కాన్పయిన మూడో నెలలో చానా మందికి జుట్టు ఊడుద్ది, మళ్ళా వస్తాది. దీనికి తిండి పెట్టండి ముందు. చేపలు, గుడ్లు, ఆకుకూర. తట్ట మాత్రం మోయనీబాకండి, నడినెత్తి అరిగిపోద్ది."

"మేం కనలేదా? మేం మోయలేదా?" అంది అమ్మ. "మాకేం ఊడిందని?"

రెబెక్కమ్మ అమ్మ కొప్పు వంక చూసింది. "నీకేమమ్మా, గుమ్మడికాయంత ఉండాది," అని సంచీ సర్దుకుంది.

నేను నేల చూశాను. ముప్పై ఏళ్ళు తట్ట మోసిన అమ్మకు నడినెత్తిన అరచేయంత మేర వెంట్రుక లేదు. ఉన్న నాలుగు పోచలను దగ్గరకు లాగి, లోపల సవరం పెట్టి ముడి వేసేది. రాలిన వెంట్రుకలను పోగుచేసి, నల్లదారంతో కుదుళ్ళు కట్టి, ఆ సవరం తనే చేసుకుంది. ఊళ్ళో ఎవరికీ తెలియదు. అన్నకు కూడా తెలియదేమో. నెలకొకసారి దాన్ని ఉతికి, దొడ్లో ఎవరూ చూడని చోట ఆరేసేది. వదిన జుట్టు రాలడం మొదలైన తర్వాత చాప మీద వెంట్రుకలు ఏరుకునేది అమ్మే. సవరం లావు పెరిగింది.

ఆ వేసవి చేపలు పడలేదు. దక్షిణపు గాలి ఆగకుండా కొట్టింది. మా అన్న గంగాధరం ఇంకో ముగ్గురితో కలిసి తెప్ప మీద వెళ్ళి, గంప అడుగు కూడా నిండని చిన్న నెత్తళ్ళ చేపలతో తిరిగి వచ్చేవాడు. ఒకరోజు వాళ్ళు ఒడ్డున వల పరిచి చిక్కులు తీస్తున్నారు. నేను గంప పట్టుకుని పక్కనే ఉన్నాను. అన్న చెయ్యి ఆగింది. వల కన్నుల్లో మూరెడు వెంట్రుకలు, ఏడెనిమిది ఒక్కచోట, చివర నల్లదారంతో ముడి వేసి ఉన్నాయి.

నాకు వెంటనే తెలిసింది. రెండు రోజుల కిందట వల దొడ్లో వెదురు మీద ఉంది. అమ్మ సవరం కూడా దాని మీదే ఆరింది.

అన్నతోటి వాళ్ళు వల వదిలేసి దూరంగా జరిగారు. "దారం కట్టి ఉండాది రా. ఇది రాలిన ఎంటిక కాదు. ఎవురో కావాలని పెట్టిన ఎంటిక," అన్నాడు ఒకడు.

సాయంత్రానికి పెద్దకాపు గంగులయ్య పందిరి కింద ఊరు కూడింది. మా ఊళ్ళో పెద్దకాపు కట్టడి చేస్తే దానికి తిరుగు లేదు. దాన్ని దురాయి అంటారు. వదిన పిల్లవాడిని ఎత్తుకుని నిలబడింది. మధ్యలో ఆకు మీద ఆ వెంట్రుకలు పెట్టారు.

"ఎవురివమ్మే ఇవి?" అన్నాడు గంగులయ్య.

"నాయే అయి ఉంటాయి మామా. ఇల్లంతా నాయే కదా. దారం సంగతి మాత్రం నాకు తెలీదు, బిడ్డ మీద ఒట్టు."

"బిడ్డను ఎందుకు లాగతావు?" అని చెంచమ్మ అరిచింది.

నేను అమ్మ వంక చూశాను. అమ్మ అప్పటికే నన్ను చూస్తోంది. పైట తల మీదుగా కప్పుకుంది. మా అమ్మ ఎప్పుడూ అలా కప్పుకోదు. నేను ఒక్క మాట చెబితే ఆ పైట తీయిస్తారు, కొప్పు విప్పిస్తారు. గంగమ్మ కొలుపులో మొదటి కుండ ఎత్తేది అమ్మే, ఆమె బోడి నడినెత్తిని ఊరంతా చూస్తుంది. చెప్పాలని నోరు తెరిచాను. "అమ్మా," అన్నాను.

"ఏందే?" అంది అమ్మ, మెల్లగా.

"ఏం లేదు," అన్నాను.

గంగులయ్య దురాయి చెప్పాడు. గంగమ్మకు ఎంటిక మీద కోపం వచ్చింది కాబట్టి ఎంటికే ఇచ్చుకోవాలి. ఉన్నదంతా. "తిరపతిలో ఇయ్యడంలా? అట్టా అనుకోమ్మా," అన్నాడు. అతని గొంతులో కోపం లేదు.

మర్నాడు వాకాడు నుంచి మంగలి మస్తానయ్యను పిలిపించారు. అతను కత్తి రాయి మీద నూరి, వదినను చూసి ఆగాడు. "మొక్కుబడేనా సామీ? మొగుడున్న మనిషి..."

"నీకెందుకు? కానీ," అన్నాడు గంగులయ్య.

ఇసుకలో తూర్పు ముఖంగా కూర్చోబెట్టారు. మస్తానయ్య నీళ్ళు చల్లి కత్తి పెట్టాడు. జుట్టు అంతకుముందే పలచబడింది కనుక తొందరగానే అయిపోయింది. అన్న దాన్ని గుడ్డలో కట్టి అలల్లోకి విసిరాడు. నెత్తి మీద ఒక చోట కత్తి తగిలి నెత్తురు వచ్చింది. వదిన దాన్ని తుడుచుకోలేదు. పాలకు ఏడుస్తున్న పిల్లవాడికి అక్కడే కూర్చుని పాలిచ్చింది.

ఆ తర్వాత జరిగింది పెద్దకాపు కూడా ముందు అనుకోలేదు. తెల్లవారి తెప్పలు దింపబోతుంటే వదిన చెంబు పట్టుకుని ఒడ్డుకు వచ్చింది. బోడితల ఆడది వేటకు ఎదురైతే మావాళ్ళు తెప్ప దింపరు. అన్నతోటి ముగ్గురూ తెడ్లు ఇసుకలో పడేసి ఇళ్ళకు వెళ్ళిపోయారు. మూడోనాడు కూడా అలాగే అయింది. ఆ రోజు ఆమె ఒడ్డుకు రాలేదు. మా గడపలోనే నిలబడింది. అయినా కనబడిందన్నారు.

"గుండు చేయించింది మీరే కదన్నా," అంది వదిన, మా గుమ్మం ముందుకు వచ్చిన పెద్దకాపునూ మిగతావాళ్ళనూ అందరినీ చూస్తూ. "ఇప్పుడు గుండు కనబడిందంటారు. నేను యాడ ఉండాల?"

"మీ అమ్మ కాడ ఉండు," అన్నాడు గంగులయ్య. "జుట్టు వచ్చిందాకా."

"పిల్లోడు?"

"పిల్లోడు ఈ ఇంటోడు," అంది అమ్మ.

వదిన అన్న వంక చూసింది. అన్న తెడ్డుకు తాడు కడుతున్నాడు. కట్టిన తాడునే విప్పి మళ్ళీ కట్టాడు. వదిన వాళ్ళ నాయన చిట్టమూరు వైపు నుంచి బండి తెచ్చుకుని వచ్చాడు, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగలేదు. వదిన బండి ఎక్కేటప్పుడు రవిక ముందు భాగం పాలతో తడిసి ఉంది. పిల్లవాడు నా భుజం మీద ఉన్నాడు. తీసుకోబోయింది. అమ్మ మధ్యలోకి వచ్చి నిలబడింది. నేను వెనక్కి ఒక అడుగు వేశాను. ఆ అడుగు వేయమని నన్నెవరూ అడగలేదు.

పది రోజులకు గాలి తగ్గింది. ఏటా ఆ రోజుల్లో తగ్గుతుంది, తగ్గగానే కానాగంత చేపలు గుంపులుగా ఒడ్డుకు దగ్గరగా వస్తాయి. ఆ రోజు తెప్పలన్నీ నిండి వచ్చాయి. ఒడ్డున ఆడవాళ్ళు కేకలు పెడుతూ గంపలు పట్టారు. "చూసినారా?" అన్నాడు గంగులయ్య. చెంచమ్మ ఇసుకలో దణ్ణం పెట్టుకుంది.

అమ్మ పెద్ద కుండలో పులుసు పెట్టింది. మేకపాలు తాగనని పిల్లవాడు మెడ తిప్పుకుంటున్నాడు. వాడిని ఒళ్ళో పెట్టుకుని నేను కూర్చున్నాను. అన్న తింటున్నాడు.

"అమ్మా," అన్నాను. "చేపలు పడినాయి కదా. వదినను పిలుచుకొద్దామా?"

అమ్మ గరిటె కుండ అంచుకు ఆనించింది. "ఆమె పోయినాకనే కదే పడినాయి? మళ్ళా తెస్తే ఇవి ఉంటాయా?"

అన్న విన్నాడు. ఇంకొంచెం పులుసు పోయమన్నాడు.