తలుపుకు వేలాడిన కుడుములు

కొత్త ఇంట్లో దిగగానే అలసందల్లాంటి ఎర్రగింజలు చల్లిన కుడుములు వండి ఇరుగుపొరుగుకు పంచడం సునిమ్ పుట్టింటి ఆచారం. ఎర్రగింజ ఉన్నచోట దయ్యం నిలవదని అమ్మమ్మ మాట.

"ఇది మన పల్లె కాదక్కా, సియోల్! కోటిమంది ఊళ్లో తలుపు తట్టితే దొంగనుకుంటారు," అని చెల్లెలు మిరన్ ఎగతాళి చేసింది.

"పొరుగింటి కుడుము ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తుందే. తీసుకోక చస్తారా?" అంది సునిమ్.

ఆ అంతస్తులో ఎంత తట్టినా ఎవరూ తలుపు తీయలేదు. సునిమ్ మొండిఘటం, పొట్లాలన్నీ తలుపు పిడులకు తగిలించి వచ్చింది. సాయంత్రానికి అన్నీ మాయమయ్యాయి, పక్కింటిది తప్ప. ఆ ఇంట్లో టీవీ మాత్రం రాత్రనక పగలనక మోగుతూనే ఉంది.

"ఇంట్లో ఉండీ తీసుకోడేం? ఎంత పొగరు! ఎర్రగింజలు ముట్టుకోకపోవడానికి వాడేమైనా దయ్యమా?" అని సునిమ్ వసారాలోకి వచ్చినప్పుడల్లా ఆ తలుపును తిట్టేది.

వారం తిరిగేసరికి వసారా అంతా కంపు కొట్టింది. "నీ కుడుములే! ముందు ఆ పొట్లం తీసెయ్," అని మిరన్ ముక్కు మూసుకుంది.

సునిమ్ సిగ్గుపడి, పొట్లం తీసుకెళ్లి కింద చెత్తడబ్బాలో పడేసి, నేలంతా కడిగింది.

తెల్లారి తన తలుపు తీసింది. కంపు ఇంకా ఎక్కువైంది. పక్కింటి టీవీలో జనం పగలబడి నవ్వుతున్నారు.