ఇంజను నోట్లో అక్షింతలు

పుల్లయ్య జీపు ఇంజను కాలిపోయింది కంబన్న వల్లనే. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. ఊరు మరిచిపోయినా కంబన్న మరిచిపోడు. పొద్దున లేచి కుడి చెయ్యి చూసుకున్నప్పుడల్లా గుర్తుకొస్తాది.

పోయిన సంవత్సరం ఎండాకాలం మాట. కోడుమూరుకు నాలుగు మైళ్ళ దూరంలో ఆ పల్లె. కంబన్న పండ్లు తోముకుంటా తోముకుంటా వాకిట్లోనే కూలబడినాడు. మూతి ఒక పక్కకు పోయింది, కుడి చెయ్యి, కుడి కాలు సచ్చుబడినాయి. ఆంబులెన్సు ఇంకో ఊరికి పోయింది, వచ్చేసరికి గంట పడ్తాదన్నారు. అప్పుడు పక్కింటి పుల్లయ్య గోడ దూకి వచ్చి, మనిషిని ఎర్రగడ్డల మూట ఎత్తినట్టు ఎత్తి తన జీపులో ఏసుకున్నాడు. కంబన్న పెండ్లాం రామేశ్వరమ్మ వెనక కూచోని మొగుని తల ఒళ్ళో పెట్టుకుంది. కర్నూలు పెద్దాసుపత్రి దాకా ఆ జీపు యాడా నిలబడలేదు. దావలో రేడియేటరు పైపు పగిలి నీళ్ళన్నీ కారిపోయినాయి. ఆసుపత్రి గేటు ముందర కిర్రుమని ఇంజను పట్టేసింది. మళ్ళ తిరగలేదు.

"ఇంకో అరగంట ఆలస్యమై ఉంటే ఈయనకు మాటా లేదు, నడకా లేదు" అనింది డాక్టరమ్మ.

మాట వచ్చింది, నడకా వచ్చింది. కుడి చెయ్యి మాత్రం సగమే వచ్చింది. వణుకుతాది. పానా పట్టుకుంటే జారి కింద పడ్తాది.

ఇంగ కంబన్న ఎట్లాంటోడో చెప్పాల. ముప్పై ఏండ్లు ఎర్రగుంట్లలో సిమెంటు లారీల షెడ్డులో ఇంజను మేస్త్రీ. స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకోని, లోపల ఏం పోయిందో విప్పకుండానే చెప్పేటోడు. పనిలో దేవుడు. నోరు మాత్రం, నాయనా, ఆ నోరు! ఎంత ఇష్టమైన మనిషైతే అంత పెద్ద తిట్టు. మాట తిరిగొచ్చిన మొదటి రోజే, ఆసుపత్రి మంచం మీదినుంచే, ప్రాణం పోసిన పుల్లయ్యను పట్టుకోని తిట్టినాడు.

"నీళ్ళు లేకుండా ఇంజను తోల్తారా యాడన్నా? వేడి చూపించే ముల్లు ఎందుకుండాదప్పా నీ ముందర? అందానికా?"

పుల్లయ్య తల గోక్కున్నాడు. "చూసుకోలేదన్నా. నా మతి అట్ల తగలబడింది."

"తగలబడింది నీ మతి కాదు, బంగారట్లాంటి ఇంజను!"

ఆ జీపే పుల్లయ్యకు బువ్వ. ఊరోళ్ళ ఎర్రగడ్డల మూటలు, చెనక్కాయ బుడ్డల మూటలు కర్నూలు మార్కెట్టుకు దాంట్లోనే పోతాండె. జీపు మూలబడినాక పుల్లయ్య కూలికి పోయినాడు. ఒక్క రోజన్నా "నీ వల్ల ఇట్లయ్యిందన్నా" అనలేదు. ఎదురుపడితే నవ్వుతాడు, చెయ్యెట్లుండాదని అడుగుతాడు. ఆ నవ్వే కంబన్నకు ముల్లులాగ గుచ్చుకునేది. తిట్టినా బాగుండు, తిట్టడే!

అందుకే ఈ వానాకాలం మొదట్లో, చెయ్యి కొంచెం స్వాధీనంలోకి రాగానే, రచ్చకట్ట మీద నలుగురి ముందర మాటిచ్చేసినాడు. "దసరాకు పుల్లయ్య జీపు వాని వాకిట్లో నిలబెడ్తా. వేరే ఇంజను ఎక్కించి, నడిపించి ఇస్తా. నడవకపోతే నేను మేస్త్రీనే కాదు."

"చెయ్యి సగమే ఉండాది, మాట మాత్రం నిండా ఉండాది" అనింది రామేశ్వరమ్మ ఇంట్లో.

పాత ఇంజను బాగయ్యేది కాదు, లోపలంతా గీరుకపోయింది. ఎర్రగుంట్లలో కంబన్నతో ముప్పై ఏండ్లు పని చేసిన మహానంది, ఈ సంగతి చెవిన పడగానే యాడో గుద్దుకున్న వ్యానులోనిది మంచి డీజిలు ఇంజను వెతికి పట్టినాడు. ఇటు దిక్కు వచ్చే లారీకి ఎక్కించి, "చెయ్యి జాగ్రత్త కంబన్నా, నోరు ఎట్లా జాగ్రత్త పడదు" అని డ్రైవరుతో చెప్పి పంపినాడు. ఆ మాటకు కంబన్న నవ్వినాడు, నవ్వి కండ్లు తుడుచుకున్నాడు. కర్నూలు పోయి ఇంజను మార్చే కాగితాలకు అర్జీ పెట్టి వచ్చినారు. బోరుమోటర్లు పైకి లాగే మూడు కాళ్ళ స్టాండు, గొలుసు తెచ్చి వాకిట్లో నిలబెట్టినారు. తెలివి కంబన్నది, చేతులు పుల్లయ్యవి. పొద్దున కూలికి పోకముందు రెండు గంటలు, వచ్చినాక పొద్దు మునిగేదాకా. అదీ లెక్క.

ఇల్లలకగానే పండగయితాదా? వ్యాను ఇంజను, జీపు గేరుబాక్సు ఒకదానికొకటి మొగాలే చూసుకోలేదు. బోల్టు రంధ్రాలు కలవలేదు. మధ్యలో ఒక మందపాటి ఇనప పలక పెట్టి కలపాల. కంబన్న పలక మీద రంధ్రాల గుర్తులు తనే పెట్టినాడు. పెట్టొద్దని చెప్పే ధైర్యం ఎవరికుండాది? కోడుమూరులో లేతు మిషన్ నడిపే మౌలాలి ఆ గుర్తుల ప్రకారమే రంధ్రాలు తీసినాడు. అంతా బిగించి చేత్తో తిప్పితే లోపల ఒకటే రాపిడి. కొలిచి చూస్తే రెండు మిల్లీమీటర్లు తేడా. గుర్తు పెట్టేటప్పుడు చెయ్యి వణికింది.

ఆ రోజు కంబన్న పానా తీసి గోడకేసి కొట్టినాడు. ఎడమ చేత్తోనే. తర్వాత అరుగు మీద కూచోని, ఎవరూ చూడలేదనుకోని, కుడి చెయ్యిని ఎడమ చేత్తో కొట్టుకున్నాడు. పుల్లయ్య చూసినాడు, చూడనట్టు పానా ఏరుకొచ్చి పెట్టెలో పెట్టినాడు.

మర్నాడు మౌలాలి మోటారుసైకిలు మీద తనే వచ్చినాడు. "అరే కంబన్నా, ఫికర్ ఎందుకు? నువ్వు ఎర్రగుంట్లకు పోకముందు ఈ లేతు మీద నన్ను నిలబెట్టింది ఎవరు? నువ్వు కొలత చెప్పు, గీసేది నేను గీస్తా" అన్నాడు. రెండో పలక సరిగ్గా కూచుంది.

ఆ తర్వాత ఇంజను అడుగున నూనె తొట్టి పోయి ముందర ఇరుసుకు తగిలింది. దాన్ని కోసి, లోతు తగ్గించి, వెల్డింగు పెట్టినారు. కారింది. మళ్ళ పెట్టినారు. మళ్ళ కారింది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. మూడోసారి నిలబడింది. అప్పుడు కంబన్న పుల్లయ్య వీపు మీద ఒకటి చరిచి, "మనిషివేరా నువ్వు!" అన్నాడు. ఆ నోటినుంచి అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ వినలేదు.

నవమి నాటికి అంతా కూచుంది. గాలి పీల్చే గొట్టానికి ఫిల్టరు బిగించేది ఒక్కటే మిగిలింది. కానీ నవమి ఆయుధపూజ. ఆ రోజు పనిముట్టు ముట్టే పని లేదు, షెడ్డులో ముప్పై ఏండ్లు పాటించిన పద్ధతి. పానాలు, సుత్తులు, జాకీ కడిగి వరసగా పెట్టినారు. గాలి గొట్టం నోట్లో దుమ్ము పడకుండా కంబన్న ఒక నూనె గుడ్డ కుక్కి స్నానానికి పోయినాడు. వచ్చేసరికి రామేశ్వరమ్మ ఇంజనుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, పూలేసి, ఆ మురికి గుడ్డ తీసేసి, కొత్త రైకగుడ్డ పెట్టి ఉండాది.

"పండగ పూట నూనె గుడ్డ ఏందయ్యా లక్ష్మి నోట్లో?" అనింది.

కంబన్నకు నవ్వొచ్చింది. సంతోషంగానే ఉండాడు. దేవుని ముందర నిలబడి, మహానందినీ మౌలాలినీ పుల్లయ్యనూ పేరు పేరునా తలుచుకోని దండం పెట్టుకున్నాడు.

దశమి పొద్దున ఊరంతా వాకిట్లో ఉండాది. రైకగుడ్డ తీసి, ఫిల్టరు బిగించి, పుల్లయ్య తాళం తిప్పినాడు. ఇంజను అందుకుంది. అందుకోని దబదబ ఒణికింది, తెల్లగా పొగ కక్కింది, ఆగిపోయింది. మళ్ళ కొడితే మళ్ళ అంతే. పది సార్లు కొట్టినారు. బ్యాటరీ దిగిపోయింది. జనం ఒక్కొక్కరే జారుకున్నారు.

ఆ పూటంతా వెతికినారు. డీజిలు పైపుల్లో గాలి లేదు. పంపు బాగుండాది. కంబన్న స్క్రూడ్రైవరు చెవికి పెట్టి విన్నాడు. మూడో సిలిండరు పలకడం లేదు. ఎందుకు పలకడం లేదో చెవికి అందలేదు. బండికి ఎక్కించేముందు ఇంజను విప్పి లోపల తను అమర్చిన టైమింగు గేర్ల లెక్కే తప్పింది కాబోలనుకున్నాడు. చెయ్యి పోయింది సరే, బుర్ర కూడా పోయిందా?

"పుల్లయ్యా, ఇంగ నాతో కాదప్పా" అన్నాడు మర్నాడు పొద్దున, ముఖం పక్కకు తిప్పుకోని. "చేతులు బాగుండే వేరే మేస్త్రీని చూసుకో. నాకు రుణం తీర్చుకునే రాత లేదు."

పుల్లయ్య తనకుండే తుంట చేన్లో ఎర్రగడ్డలు పీకి కుప్ప పోసి ఉండాడు. పైన మబ్బు పట్టింది, తడిస్తే అన్నీ కుళ్ళిపోతాయి. అయినా చేనికి పోలేదు. "హెడ్డు దించి చూద్దామన్నా" అన్నాడు అంతే. మధ్యాన్నానికి ఇంజను పైభాగం విప్పి గోనెపట్టా మీద పెట్టి, బువ్వ తినేదానికి ఇంటికి పోయినాడు.

కంబన్న ఒక్కడే కూచోని దాన్ని వెలుతుర్లోకి తిప్పినాడు. మూడో సిలిండరు వాల్వు సందులో పచ్చగా ఏదో ఇరుక్కోని ఉండాది. గోటితో గీరి తీసినాడు. బియ్యపు గింజ. పసుపు రాసిన బియ్యపు గింజ! దాని పక్కనే ఇంకోటి. ఆ రెండు గింజలకు వాల్వు మూసుకోలేదు. తన లెక్క తప్పలేదు. ఏమీ తప్పలేదు!

"రామేశ్వరీ!"

ఆ కేకకు కోళ్ళు ఎగిరినాయి. ఆమె చేతులు తుడుచుకుంటా వచ్చింది.

"ఏందిది?"

"అక్షింతలు" అనింది ఆమె, చూసి. "నోరు తెరుచుకోని ఉండాది కదా, పచ్చగుండు తల్లీ అని లోపల నాలుగు గింజలు ఏసినా."

"ఇంజను నోట్లో బియ్యం పోస్తారా ఎవరన్నా! రెండు రోజులు సచ్చినానే నేను! మూడు నెలల పని! నాకు దొరికినారు చూడు సరిగ్గా ఇద్దరు. అక్షింతలు పోసేదానివి నువ్వొకతివి, ముల్లు చూసుకోకుండా ఇంజను కాల్చుకునే పుల్లయ్య ఒకడు!"

అక్షింతల మాటకు రామేశ్వరమ్మ తల వంచుకోనే ఉండాది. పుల్లయ్య మాటకు మాత్రం చటుక్కున తల ఎత్తింది.

"నన్ను తిట్టు, పడ్తా. పుల్లయ్యను అనొద్దు. చూసుకోలేదని ఎవరు చెప్పినారు నీకు? చూసినాడు. నేనూ చూసినా. లోపలికి పొగ వచ్చింది. మరిదీ, బండి కాలిపోతాండాది, ఆపి నీళ్ళు పోద్దామని నేనే అరిచినా. ఆపితేనా! 'ఇంజను పోతే పాత సామాన్ల అంగట్లో ఇంకోటి దొరుకుతాది వదినా, కంబన్న యాడ దొరుకుతాడు?' అన్నాడు."



"మరి నాతో ఎందుకట్ల చెప్పినాడు?" అన్నాడు కంబన్న.

"నాతో ఒట్టేయించుకున్నాడు. 'అన్నకు చెప్పొద్దు, తెలిస్తే నన్ను తిట్టేది మానేసి చేతులు జోడిస్తాడు. అది నేను చూడలేను' అన్నాడు." ఆమె ముక్కు చీదుకుంది. "ఇన్ని దినాలు దాచినా. ఇయ్యాల నీ నోరే నాతో చెప్పించింది."

కంబన్న ఆ రెండు గింజలు అరచేతిలో పట్టుకోని కూచున్నాడు. సంవత్సరం పైన పుల్లయ్య తిట్లు తిన్నాడు. ఒక్క మాట చెప్పి ఉంటే నోరు మూతపడేది, చెప్పలేదు. తన బువ్వ పెట్టే ఇంజను కళ్ళ ముందర కాలిపోతా ఉంటే, ముల్లు చూస్తానే ఎక్సిలేటరు మీదినుంచి కాలు తియ్యలేదు. ఇట్లాంటి మనిషి పక్కింట్లో ఉండేదానికి తను ఏం పుణ్యం చేసుకున్నాడు? కంబన్న ఏడ్చినాడు. ఈసారి ఎవరు చూసినా సరే అన్నట్టు ఏడ్చినాడు. రామేశ్వరమ్మ పక్కన కూచోని వీపు నిమిరింది.

పుల్లయ్య వచ్చేసరికి కంబన్న ముఖం కడుక్కోని ఉండాడు. గింజలు చూపిస్తే పుల్లయ్య పడీ పడీ నవ్వినాడు. వాల్వులు శుభ్రం చేసినారు, మౌలాలి కొత్త గ్యాస్‌కెట్టు పంపించినాడు, హెడ్డు ఎక్కించినారు. సాయంత్రం దాకా కంబన్న ఒక్క తిట్టు తిట్టలేదు. ఒకసారి పుల్లయ్య చేతిలోని పానా జారి తన కాలి మీద పడినా "పర్వాలేదులే నాయినా" అన్నాడు. పుల్లయ్యకు భయం పట్టుకుంది.

"వదినా, అన్నకు ఒంట్లో బాగలేదా ఏంది? కర్నూలు పోదామా?"

"బాగుండాడులే" అనింది ఆమె, అటు తిరిగి.

పొద్దు వాలేముందు తాళం తిప్పినారు. ఇంజను రెండుసార్లు దగ్గింది, అందుకుంది. కంబన్న స్క్రూడ్రైవరు ఆనించి చెవి పెట్టినాడు. నాలుగు సిలిండర్లూ పలుకుతాండాయి. కళ్ళు మూసుకోని శానాసేపు విన్నాడు.

పుల్లయ్య సీట్లో కూచున్నాడు. నేరుగా చేనికి పోవాల, మబ్బు ఇంకా విచ్చలేదు. కంబన్న వణికే కుడి చెయ్యి జీపు తలుపు మీద పెట్టినాడు. చేతులు జోడించాలనే అనిపించింది. జోడించలేదు.

"పుల్లయ్యా, ఒక్క మాట చెప్తా, విను. ఈసారి ముల్లు ఎరుపుకొస్తే బండి ఆపు. వెనక నేనే పడి ఉన్నా సరే, ఆపు."

పుల్లయ్య చెయ్యి గేరు మీద ఆగిపోయింది. రామేశ్వరమ్మ దిక్కు చూసినాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకోని గోడకేసి చూస్తాండాది. మళ్ళ కంబన్న దిక్కు చూసినాడు.

"ఆపను పో అన్నా" అన్నాడు.

"థూ, నీ మొగం మండ! ఇంజను విలువ తెలియని నీకు బండెందుకప్పా, ఎద్దు మీదెక్కి పో! నీయట్లాంటోనికి ఇంజను ఎక్కించినా చూడు, నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాల..."

పుల్లయ్య ముఖం వెలిగిపోయింది. "అమ్మయ్య, అన్న బాగుండాడు" అని గేరేసినాడు. కంబన్న కండ్లలోనుంచి నీళ్ళు కారతా ఉండాయి. జీపు వీధి మలుపు తిరిగేదాకా ఆయన తిడతానే నిలబడినాడు.