మంచినీళ్ళ ట్యాంకు మూడో మలుపు

కోనసీమలో పునాది తవ్వితే ఒండ్రుమట్టి వస్తుంది. ఇంకాస్త తవ్వితే నీళ్ళొస్తాయి. రాయి మాత్రం చచ్చినా రాదు. అలాంటి చోట కొండలెక్కే సంఘం పెట్టిన మహానుభావుడు శరభయ్య మాస్టారు. వేదం చెప్పుకునే ఇంట పుట్టి, ఆ పని అన్నదమ్ములకు వదిలేసి, హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేరినప్పుడే ఊరు ముక్కున వేలేసుకుంది. కొండల సంఘం అనేసరికి ఆ వేలు తీసి పకపకా నవ్వింది. నవ్విన నాపచేనే పండుతుందన్నట్టు, ఇప్పుడు అమలాపురం నుంచీ రాజోలు నుంచీ కూడా వచ్చి జనం అందులో చేరుతున్నారు.

కొండ లేదు కనక ఊళ్ళోని మంచినీళ్ళ ట్యాంకే వాళ్ళకు కొండ. దాని చుట్టూ మెలితిరుగుతూ పైదాకా మెట్లున్నాయి. యాత్రకు పేరిచ్చిన ప్రతివాళ్ళూ ఓ ఆదివారం పొద్దున్నే వచ్చి దాన్ని ఎక్కాలి. ఎక్కడా ఆగకుండా పైకి చేరితేనే యాత్ర. మధ్యలో కాలు ఆగిందా, పేరు కొట్టేసినట్టే. ఆ రూలు మాస్టారిదే. దాన్నుంచి ఆయన ఎవరినీ వదల్లేదు, కట్టుకున్న భార్యను కూడా.

ఆ కథ సంఘంలో తెలియనివాళ్ళు లేరు. మాస్టారి భార్య కనకమహాలక్ష్మి అన్నవరం, తిరుపతి వెళ్ళనిది కాదు. బస్సులో ఎక్కింది, దణ్ణం పెట్టుకుంది, బస్సులో దిగింది. దేవుడి పనేమీ లేకుండా, కాలినడకన, ఊరికే చూడ్డానికి ఒక్క కొండెక్కాలని ఆవిడ ముచ్చట. పదేళ్ళ కిందట కుచ్చిళ్ళు ఎగదోపుకుని ట్యాంకెక్కింది. మూడో మలుపు దగ్గర ఆగిపోయింది. ఏమైందని వెనకనుంచి మాస్టారు అడిగితే, "ఇంత వయసొచ్చింది, కొబ్బరిచెట్టుని పైనుంచి ఎప్పుడూ చూళ్ళేదండీ, చూద్దామని ఆగేను" అంది. ఆయాసాన్ని ఎంత అందంగా కప్పిపుచ్చిందో అని వెనకున్నవాళ్ళంతా గొల్లుమన్నారు. మాస్టారు కూడా నవ్వి, "ఆగిన కాలు కొండెక్కదు" అని పేరు కొట్టేశారు.

అప్పట్నుంచి ఏటా కార్తీక వనభోజనాల్లో, విస్తళ్ళ ముందు కూర్చున్నాక, ఆ కథ చెప్పుకోవడం ఆనవాయితీ అయింది. మలికిపురంలో కొబ్బరి వ్యాపారం చేసే హరినాథ్ మొదలుపెట్టేవాడు. చివరి మాట మాస్టారు అనేవారు. పులిహోర వడ్డిస్తూ ఆవిడా నవ్వేది. మళ్ళీ ట్యాంకెక్కుతానని ఆవిడ అడగలేదు, ఎక్కమని ఆయనా అనలేదు. మొన్న శ్రావణంలో జ్వరమని ఆస్పత్రికి వెళ్ళిన మనిషి ఇంటికి తిరిగి రాలేదు.

ఈ ఏడు దసరా వెళ్ళాక సంఘం సమావేశంలో, కార్యదర్శి తులసి రాబోయే కార్యక్రమాలు చదివింది. తులసి అమలాపురంలో బ్యాంకు ఉద్యోగి, ఒకప్పుడు మాస్టారి దగ్గర డ్రిల్లు చేసిన పిల్లే. కార్తీకంలో గోదావరి ఒడ్డు తోటలో వనభోజనాలు. డిసెంబరులో మారేడుమిల్లి అవతల కొండయాత్ర. సంక్రాంతి వెళ్ళాక కొత్త సభ్యులకు తేనీటి విందు. వనభోజనాల ఏర్పాట్లన్నీ పెద్దవారు శరభయ్య మాస్టారు చూస్తారని చదివి, తల దించుకుంది.

మాస్టారికి అర్థం కాకపోలేదు. డెబ్బై దాటాయి, గుండెకి స్టెంటు పడింది. మర్యాదగా కొండమీంచి దింపి వంటల దగ్గర కూర్చోబెడుతున్నారు. ఆయనకు ఒళ్ళు మండింది. అంతకుమించి భయం వేసింది. ఆవిడ పోయాక ఆ ఇంట్లో ఊపిరాడడం లేదు. పొద్దున్న లేస్తే ఎందుకు లేచామో తెలియడం లేదు. డిసెంబరు కొండ ఒక్కటే కళ్ళ ముందుంది, అదీ లేకపోతే ఇంక మిగిలేదేముంది? ఆదివారం ట్యాంకు దగ్గరికి తానూ వస్తున్నానని, రూలు అందరికీ ఒకటేనని చెప్పి లేచిపోయారు.

ఆదివారం తులసి ముందు, మాస్టారు మధ్యలో, హరినాథ్, తక్కినవాళ్ళు వెనక. మొదటి మలుపు తేలిగ్గానే అయింది. రెండోది దాటేసరికి గుండె దడదడలాడింది. మెట్ల మీంచి చూపు తిప్పకుండా ఎక్కుతున్నారు. మూడో మలుపు దగ్గర కాలు ఇక లేవదనుకునే క్షణంలో తులసే ఆగింది.

"ఇక్కడ వెలుతురు బాగుందండీ మాస్టారూ. గ్రూపులో పెట్టడానికి ఓ ఫోటో తీసుకుందాం."

"ఆయ్, తీసుకుందామండీ" అన్నాడు వెనకనుంచి హరినాథ్. తులసికి ఫోటోల పిచ్చి ఏనాడూ లేదు. అందరూ ఆగితే ఎవరూ ఆగినట్టు కాదని ముందే మాట్లాడుకుని వచ్చారన్నమాట. మాస్టారికి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. మొహం దాచుకోవడానికి కమ్మీ పట్టుకుని అవతలకి తిరిగారు.

చేతికందేంత కింద కొబ్బరిచెట్ల నడినెత్తులు. లేత మొవ్వులు నిటారుగా నిలబడి ఉన్నాయి. అప్పుడే విచ్చిన పూగుత్తి మీద తేనెటీగలు ముసురుతున్నాయి. మట్టల మొదట్లో పీచు పోగుచేసి కట్టిన గూట్లో ఉడతపిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. పుట్టిన దగ్గర్నుంచీ కొబ్బరిచెట్ల కిందే బతికిన మనిషి, ఇదెప్పుడూ చూడలేదు. నాలుగు మెట్లు కిందైతే మట్టల అడుగు భాగమే కనిపిస్తుంది. పైకి పోతే తోటలన్నీ ఒకటే పచ్చదనమై, దూరాన గోదావరి, దాని మీంచి కాలువని దాటించే పి.గన్నవరం అక్విడక్టూ కనిపిస్తాయి. ఈ మలుపు దగ్గరే ఇది. ఎన్నిసార్లు ఈ మలుపు తిరిగారో లెక్కలేదు. ఒక్కసారీ ఆగలేదు. ఆగకూడదన్న రూలు పెట్టిందే ఆయనాయె.

"పదం... డమ్మా" అనబోయారు. మాట రెండు ముక్కలైంది. రెండో ముక్కకు ఊపిరి చాల్లేదు.

అప్పుడు తట్టింది ఆయనకు. ఆ రోజు ఇదే మలుపులో ఆవిడ అంత పొడుగు మాటా ఒక్క ఊపిరిలో అంది. ఎక్కడా తెగలేదు. ఆయాసపడే మనిషికి అలా మాట్లాడ్డం కుదరదు. ఉన్నన్నాళ్ళూ పిల్లల ఊపిరి చూసి, ఎవడు అలిసిపోయాడో ఎవడు నటిస్తున్నాడో ఇట్టే చెప్పిన డ్రిల్లు మాస్టారికి సొంత భార్య ఊపిరి వినిపించలేదు. ఆవిడ నిజమే చెప్పింది. చూడ్డానికే ఆగింది.

మాస్టారు అక్కడే మెట్టు మీద కూలబడ్డారు. తులసి గాభరాగా నీళ్ళసీసా అందించింది. ఆయన తీసుకోలేదు.

"నా పేరు కొట్టెయ్యమ్మా."

"మీరు ఆగలేదండీ మాస్టారూ. మేమే ఆపేం."

"లేదమ్మా. నేనే ఆగేను."

కాసేపటికి హరినాథ్ భుజం పట్టుకుని కిందకు దిగారు.

కార్తీకంలో వనభోజనాల ఏర్పాట్లు ఆయనే చూశారు. పులిహోర రాజోలు వంటవాళ్ళు కలిపారు. విస్తళ్ళు పరిచారు, అందరూ కూర్చున్నారు. పోయినావిణ్ణి తలుచుకోవడానికి అంతకన్న మంచి దారి హరినాథ్‌కు తోచలేదేమో, మెల్లగా ఆ కథ ఎత్తుకున్నాడు. కుచ్చిళ్ళు ఎగదోపుకోవడం దగ్గర కొందరు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వారు. మూడో మలుపు దాకా వచ్చి, చివరి మాట కోసం మాస్టారి వైపు చూశాడు.

మాస్టారు ముద్ద విస్తట్లో వదిలేశారు.

"ఆవిడకి ఆయాసం రాలేదర్రా" అన్నారు. "కొబ్బరిచెట్లు చూసింది. నేనూ చూసేను మొన్న."

ఎవరూ నవ్వలేదు. హరినాథ్ తల వంచుకున్నాడు. వంటవాడు పులిహోర బేసినూ గరిటే పట్టుకుని వస్తూ, అందరూ చేతులాపి ఉండడం చూసి నిలబడిపోయాడు. మాస్టారు ఆ గరిటె వైపే చూస్తూ ఉండిపోయారు. ఇన్నేళ్ళూ ఆ నవ్వే జనంలో నిజం తెలిసింది ఆవిడకొక్కదానికే. ఒక్క ఏడైనా కాదండీ అనలేదు. ఆయన చివరి మాట అనేదాకా గరిటె పట్టుకుని నిలబడి, ఆ తరవాత అందరితో పాటు తనూ నవ్వేది.