కృపమణి సాక్ష్యం

ముందే ఒప్పుకుంటున్నాను, ఈ కథలో విలన్ లేడు. నేను చాలా వెతికాను. మొగుడు తాగడు, అత్తగారు పోయి చాలా ఏళ్లయింది, పాస్టరమ్మ ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందుండే మనిషి. ఇంతమంది మంచివాళ్ల మధ్య కృపమణి ఒంట్లో రక్తం ఎలా అయిపోతూ వచ్చిందో, దాని కారణం ఎలా దొరికిందో, అదీ కథ.

ఆ పొద్దున కూడా ఆమె దుప్పటి ఉతుకుతోంది. చన్నీళ్లలోనే. వేడినీళ్లు పోస్తే నెత్తురు మరక పట్టేస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఈ రెండేళ్లలో తనే నేర్చుకుంది. ఇంట్లోవాళ్లు లేవకముందే ఉతికి, తీగమీద వేసి, ఏమీ జరగనట్టు టీ పెట్టాలి. ఈసారి మొగుడు హనోకు ముందే లేచాడు. నోట్లో బ్రష్షుతో వచ్చి నిలబడ్డాడు.

"ఈ నడుమ నీకు దుప్పట్లు ఉతికే పిచ్చి పట్టినట్టుండాది కృపా. కొళాయి నీళ్లేమన్నా దినామూ వస్తాండాయా?"

"చెమటప్పా," అంది కృపమణి. అబద్ధం చెప్పడానికి కూడా ఊపిరి చాల్లేదు.

నిజానికి ఆమె దృష్టిలో అది దాచాల్సినంత పెద్ద విషయం కాదు, చెప్పాల్సినంత పెద్ద విషయమూ కాదు. నలభై ఆరేళ్లొచ్చాయి. నెలసరి నిలిచిపోయే ముందు అట్లే పోతుందని అమ్మ చెప్పింది, అమ్మకు వాళ్లమ్మ చెప్పింది. రెండు తరాలు చెప్పాక అది నిజం కాకుండా ఎలా ఉంటుంది? పక్కమీద పాత రెయిన్‌కోటు పరుచుకోవడం, ముదురు రంగు చీరలే కట్టుకోవడం, బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే రావడం, ఎక్కడికి వెళ్లినా ముందు బాత్రూం ఎటుందో చూసుకోవడం, ఇదంతా ఒక ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు. అసలు ఉద్యోగం కౌల్ బజార్‌లో, జీన్స్ కుట్టే యూనిట్‌లో. కుట్టిన ప్యాంట్లు చెకింగ్ టేబుల్ మీదికి వస్తాయి. దారాలు కత్తిరించి, కుట్టు తప్పిన వాటిని పక్కన పడేస్తుంది. ఆమె కన్నుగప్పి తప్పు కుట్టు ఒక్కటి బయటికి పోలేదని ఓనరే అంటాడు. సూపర్‌వైజర్ సిద్ధేశ్ మాత్రం ఇంకోటి అంటాడు.

"ఏందక్కా, మళ్లీ బాత్రూమా? ఆడ నెట్‌వర్క్ బాగుండాదా?"

అందరూ నవ్వారు. కృపమణీ నవ్వింది. నవ్వకపోతే కారణం అడుగుతారు.

మెట్లెక్కితే గుండె దడ, కూర్చుంటే కునుకు. దువ్వెనకు జుట్టు ఉండలు ఉండలుగా వస్తోంది. బియ్యం ఏరుతూ పచ్చి బియ్యం గుప్పెళ్లకొద్దీ నమిలేస్తోంది, ఎందుకో తనకే తెలీదు. ఇనుప ఖనిజం లారీలు లేపిన ఎర్రదుమ్ము ఇంటి కిటికీల మీద, గోడల మీద కూడా పేరుకుపోయే జిల్లాలో, ఒక్క ఆమె ఒంట్లోనే ఇనుము లేదు.

పాస్టరమ్మ ఇంటికొచ్చింది. పేరు షరోను, అందరికీ అమ్మగారు. కృపమణి చేతులు పట్టుకుని, "చెల్లీ, ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆదివారం నువ్వు చర్చిలో కనబడి ఎన్నాళ్లాయె? విశ్వాసం చల్లబడితే ఒళ్లూ చల్లబడతాది. శుక్రవారం శుక్రవారం మన స్త్రీల సమాజమంతా నీకోసం ఉపవాసముంటాం. నువ్వూ ఉండు," అంది. ప్రేమగానే అంది, కళ్లలో నీళ్లు కూడా పెట్టుకుంది.

కృపమణి ఉంది. మూడో శుక్రవారం చెకింగ్ టేబుల్ దగ్గర కళ్లు బైర్లు కమ్మి, జీన్స్ కుప్ప మీద పడిపోయింది.

హనోకు దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకుపోయాడు. పన్నెండు ఉండాల్సిన రక్తం ఏడే ఉందని తేలింది. డాక్టరు హనోకు వైపు తిరిగి, "తినదా?" అన్నాడు. హనోకు, "తినదు సార్," అన్నాడు. ఆ గదిలో నోరున్న మూడో మనిషిని ఎవరూ ఏమీ అడగలేదు. ఐరన్ మాత్రలు రాశారు. ఖర్జూరాలు, బీట్‌రూట్ వచ్చాయి. రెండు నెలలకు మళ్లీ చూస్తే రక్తం అక్కడే ఉంది.

"మాత్రలు మింగుతాండావా, పారేస్తాండావా?" అన్నాడు హనోకు.

ఆ మాటకు లాప్‌టాప్ ముందున్న షెకైనా తలెత్తింది. కూతురు. ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది, అంటే పొద్దస్తమానం ఇతరుల తప్పులు వెతకడమే పని. "మింగుతానే ఉండాదిలే నాన్నా. లీక్ యాడుందో చూడకుండా రీస్టార్ట్ కొడతాండారు మీరంతా," అంది. తర్వాత వంటింట్లోకొచ్చి గట్టు మీద కూర్చుంది.

"మా, ఒకటి అడుగుతా. మామూలు ఆదివారాలు చర్చికి వస్తావు. బల్ల తీసుకునే ఆదివారమే ఎందుకు ఎగ్గొడతావు?"

"ఒంట్లో బాగుండదులే."

"కరెక్టుగా ఆ ఆదివారమే బాగుండదా?"

కృపమణి పోపు గింజలు నూనెలో వేసింది.

"ఆ పొద్దు అందరూ తెల్ల చీరలు కట్టుకుంటారు," అంది షెకైనా నెమ్మదిగా. "నువ్వు తెల్ల చీరకు భయపడతాండావు. మా, నీకు ఎంత పోతాండాది?"

ఎంత. ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పోపు మాడిపోయింది. కృపమణి చెప్పడం మొదలుపెట్టింది. రెయిన్‌కోటు గురించి, గడ్డలు గడ్డలుగా పడడం గురించి, నెలకు రెండుసార్లు కూడా రావడం గురించి. చెబుతుంటే తనకే విచిత్రంగా అనిపించింది. విడివిడిగా అన్నీ మామూలే. కలిపి చెబితే మామూలుగా లేదు.

లేడీ డాక్టరు మహాదేవి గదిలో, "ఎష్టు దినదింద హీగె?" అని ఆమె కన్నడంలో, ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందని అడగ్గానే హనోకు అందుకున్నాడు. "తిండి సరిగ తినదు మేడమ్. మా ఇంట్ల దేనికీ తక్కువ లేదు."

"నువ్వు బయట కూచోప్పా," అంది కృపమణి.

హనోకు, కూడా వచ్చిన కూతురి వైపు చూశాడు. కూతురు తలుపు వైపు చూసింది. అతను వెళ్లి కూర్చున్నాడు.

స్కానింగ్‌లో గర్భసంచి లోపల గడ్డ కనబడింది. ముక్క తీసి పరీక్షకు పంపితే చెడ్డది కాదని వచ్చింది. ఐరన్ నరానికి ఎక్కించారు. విషయం తెలిసి హనోకు, "తీసేయించుకుంటే పోతాది కదా కృపా. మా వదినలందరికీ సంచి తీసేసినారు. సుమ్నె ఊరికే ఎందుకు బాధ?" అన్నాడు. మహాదేవి మాత్రం సంచి ఉంచి గడ్డ ఒక్కటే తీయొచ్చనీ, రెండింట్లో ఏదో ఆమే చెప్పాలనీ అంది.

"రేపు చెప్తా డాక్టరమ్మా. అడగాల."

"ఎవరిని? యజమానరనా, మీ ఆయన్నా?"

"కాదు. నన్ను."

మర్నాడు పొద్దున, దుప్పటి ఉతకకుండా టీ తాగుతూ, గడ్డ ఒక్కటే తీయించుకుంటానని ఇంట్లో చెప్పింది. చర్చ పెట్టలేదు.

గడ్డ తీసేసిన రెండు మూడు నెలలకు ముఖంలో రంగొచ్చింది. పాస్టరమ్మ సంతోషం పట్టలేక, స్త్రీల సమాజంలో సాక్ష్యం చెప్పమంది. స్వస్థత పొందినవాళ్లు లేచి దేవుడు ఏం చేశాడో చెప్పడం అక్కడి పద్ధతి. ఉపవాసం ఫలించిందని అందరూ వినడానికి సిద్ధంగా కూర్చున్నారు. కృపమణి లేచింది.

"మీ ప్రార్థనలకు వందనాలు. నాకు విశ్వాసం తగ్గలేదు. రక్తం తగ్గింది. గర్భసంచిలో గడ్డ ఉండె. నెలకు రెండు తూర్లు, ప్యాడ్లు కూడా ఆపలేనంత పోతాండె. వయసని ఊరుకుంటి. శుక్రవారాలు అన్నం మానేసి ఇంకా పడిపోతి." కాస్త ఆగింది. "ఈడ ఇంకెవురికి అట్ల పోతాండాది? చెప్పండి. నేను కూచోను."

ముందు వరసలో కొందరు బైబిల్ పేజీలు తిప్పారు. కృపమణి నిలబడే ఉంది. ఇప్పుడు ఆమె ఎంతసేపైనా నిలబడగలదు.

పాస్టరమ్మ లేచింది. అందరూ ప్రార్థనతో ముగిస్తుందనుకున్నారు. ఆమె వరండాలో ఉన్న మగవాళ్ల వైపు ఒకసారి చూసి, "ఎవురన్నా ఆ తలుపెయ్యండమ్మా," అంది. తర్వాత మెల్లగా, "నాకు నాలుగేండ్ల నుంచి," అంది.

తలుపు మూశాక ఎవరెవరు ఏం చెప్పారో అది వాళ్లది, నేను రాయను. కానీ మనం ఇక్కడ మనమే ఉన్నాం. ఇది చదువుతున్న నీకు ఎప్పట్నుంచి అక్కా? ఎంత?