నర్సింహులు షాపుకొచ్చిన సారు

మధురానగర్‌లో నర్సింహులు షాపు తెలియని హాస్టల్ లేదు. నీళ్ల మోటారు కాలిపోయిందంటే చాలు, వాచ్‌మన్లు దాన్ని ఆటోలో వేసుకుని తిన్నగా అక్కడికే తెస్తారు. ముందు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు. నర్సింహులు కాలిన రాగి తీగ పీకేసి కొత్త తీగ చుడతాడు. భార్య చిలకమ్మ పక్కనే కూర్చుని తీగకూ ఇనుముకూ మధ్య పెట్టే కాగితం కొలిచి కత్తిరిస్తుంది. కొడుకు అభిలాష్‌ను మాత్రం ఆ ముందు గదిలో ఎప్పుడూ కూర్చోనివ్వలేదు.

"నువ్వు పెన్ను పట్టు బిడ్డా. ఈ మసి నాతోనే పోవాలె" అనేవాడు నర్సింహులు.

అభిలాష్ పెన్నే పట్టాడు. ఎలక్ట్రికల్‌లో బీటెక్ చేశాడు. తర్వాత రెండేళ్లు అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లుండే మైత్రీవనం మెట్లెక్కి దిగాడు. జావా నేర్చుకున్నాడు, టెస్టింగ్ నేర్చుకున్నాడు, ఆ ఏడు ఏది నడుస్తోందంటే అది నేర్చుకున్నాడు. సర్టిఫికెట్లు వచ్చాయి గానీ ఉద్యోగం రాలేదు. ఒకరోజు ఆ మెట్ల పక్క గోడ మీద చిన్న కాగితం కనిపించింది. ఇంజనీరింగ్ చదివినవాళ్లకు వృత్తి విద్యా పాఠశాలల్లో టీచర్లుగా పనిచేయడానికి శిక్షణ, ఎనిమిది నెలలు, పంజాగుట్టలో. ఎందుకో ఫొటో తీసుకున్నాడు. వారం తర్వాత ఇంటర్వ్యూకి వెళ్లాడు.

అక్కడ శిక్షణ ఇచ్చేది వీర్రాజు గారు. తాడేపల్లిగూడెం మనిషి. ముప్పై ఏళ్లు వర్క్‌షాపుల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది.

"మార్కులు బాగానే ఉన్నాయి బాబూ. అవలా ఉంచు. ఎప్పుడైనా, ఎవరికైనా, ఏదైనా నేర్పావా?"

ఆ ప్రశ్న అభిలాష్‌ను ఇంతవరకూ ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ అడగలేదు.

"మా అమ్మకు స్కూటీ నేర్పిన సార్."

"ఎలా?"

"మొదటి రెండు రోజులు స్టార్ట్ చెయ్యనియ్యలే సార్. ఊరికె పట్టుకొని నడిపిచ్చిన. బండి బరువు ఎటు ఒరుగుతదో తెలిసినంక భయం పోయింది. మూడో రోజు ఎక్కిచ్చిన."

"ఇప్పుడు నడుపుతున్నారా?"

"నాకన్న స్పీడు పోతది సార్."

వీర్రాజు గారు నవ్వి, కళ్లజోడు దించి జాబితాలో ఏదో రాసుకున్నారు. "సోమవారం తొమ్మిదింటికి వచ్చెయ్" అన్నారు.

ఇంట్లో మాత్రం అభిలాష్ చెప్పలేదు. కొడుకు సాఫ్ట్‌వేర్ కోర్సు చేస్తున్నాడని నర్సింహులు వచ్చిన ప్రతివాడికీ చెప్పుకుంటూ ఉండేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం చూసి, రేపు చెబుదాంలే అనుకుంటూ రోజులు గడిపేశాడు.

మొదటిరోజు వర్క్‌షాపులో ఇరవైరెండు మంది ఇంజనీర్లు చేరారు. బల్లల మీద పాత మోటార్లు పెట్టి ఉన్నాయి. "విప్పండి" అన్నారు వీర్రాజు గారు. అంతే, ఇంకేమీ చెప్పలేదు. కాకినాడ నుంచి వచ్చిన రాగసుధ కాలేజీలో మెకానికల్ ఫస్టు. ఆమె పది నిమిషాలు ఒకే స్క్రూతో కుస్తీ పట్టింది.

"ఏంటండీ ఇది, తిప్పేకొద్దీ ఇంకా బిగుసుకుపోతోంది!"

"అటు కాదమ్మా, ఇటు తిప్పు" అన్నారు వీర్రాజు గారు. గది మొత్తం నవ్వింది. అందరికన్నా ముందు రాగసుధే నవ్వింది. అభిలాష్ నవ్వడానికి కూడా తీరిక లేనంత కష్టంలో ఉన్నాడు. ఆ మోటారు లెక్కలన్నీ కాగితం మీద తప్పు లేకుండా చేయగలడు, దాని మూత మాత్రం ఊడిరావడం లేదు. మా నాన్న చేసేది ఇదే పనని ఎవరికీ చెప్పలేదు. కాలేజీ ఫారాల్లో తండ్రి వృత్తి దగ్గర వ్యాపారం అని రాసి రాసి అదే అలవాటైపోయింది.

మూడో నెలలో వీర్రాజు గారు ఒక పని అప్పగించారు. ఒక్కొక్కరూ చేయి తిరిగిన పనిమంతుడి దగ్గర వారం రోజులు కూర్చోవాలి. ఆయన చేసేది పదో తరగతి పాసైన పిల్లలకు అర్థమయ్యేలా రాసుకు రావాలి.

"పుస్తకంలో ఉన్నది రాసుకొస్తే చించేస్తాను" అని కూడా చెప్పారు.

చీటీలు తీశారు. అభిలాష్‌కు మోటారు వైండింగే వచ్చింది. అతను ఇంటికి వెళ్లకుండా పంజాగుట్టలోనే దినేశ్ అనే మెకానిక్ దగ్గరకు వెళ్లాడు. దినేశ్ విషయమంతా విని తల అడ్డంగా ఊపాడు.

"నా దుకాణంల నిలవడనీకే జాగ లేదు సార్. అసలు పని చూడాల్నంటె నా తాన కాదు. మధురానగర్‌ల నర్సింహులన్న ఉన్నడు. నాతోని కానివి నేను సుత ఆయనకే పంపిస్త. ఆగుండ్రి, ఫోన్ చేస్త."

అభిలాష్ నోరు తెరిచేలోపే ఫోన్ కలిసింది.

"అన్నా, నీ తానికి ఒక సారు వస్తుండు. టీచర్ల ట్రైనింగ్ అంట. నీ పని చూసి రాసుకుంటడంట. జర మంచిగ చూసుకో."

అభిలాష్ అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద అరగంటసేపు అటూ ఇటూ తిరిగాడు. చివరికి ఇంటిదారి పట్టాడు. సందు మలుపు తిరగగానే షాపు కనిపించింది. ముందంతా ఊడ్చి నీళ్లు చల్లి ఉంది. ప్లాస్టిక్ కుర్చీ కడిగి బయట వేశారు. పెళ్లిళ్లకు వేసుకునే తెల్ల చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని నర్సింహులు గడప దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏందిరా, క్లాసు లేదా? జల్ది లోపలికి పో. ఎవరో సారు వస్తుండు."

"బాపూ..."

"పొమ్మంటున్నగా!"

"బాపూ, ఆ సారు నేనే."

నర్సింహులు కొడుకు భుజం మీదుగా సందులోకి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. అభిలాష్ నిలబడే అంతా చెప్పాడు, మైత్రీవనం గోడ మీది కాగితం దగ్గర్నుంచి దినేశ్ ఫోన్ వరకూ. వింటూ వింటూ నర్సింహులు సారు కోసం వేసిన కుర్చీలో తనే కూలబడ్డాడు.

"మూడు నెలల సంది చెప్పలే నువ్వు" అన్నాడు చివరికి. "నిన్ను ఈ మోటార్ల కాడికి రానియ్యకుండ చిన్నప్పటి సంది కాసిన. నువ్వు పోయి పంజాగుట్టల మోటారు విప్పుతున్నవా?"

అభిలాష్ కింద కూర్చున్నాడు.

"ఏ ఉద్యోగం దొరకక పోయిన అనుకోకు బాపూ. మొదలు గట్లనే పోయిన, అబద్ధమెందుకు. ఇప్పుడు మాత్రం పొద్దున లేస్తె ఎప్పుడు పోదామా అనిపిస్తది. నేర్పుడు నాకు మంచిగ అనిపిస్తుంది. నీకు బాధయితదని చెప్పలే."

చిలకమ్మ పళ్లెంలో రెండు గాజు గ్లాసుల చాయ్ పెట్టుకుని వచ్చింది. లోపల్నుంచి అంతా విన్నది.

"సారు కోసమని పెట్టిన. సారు రానే వచ్చె. తాగుండ్రి ఇద్దరు" అని పకపకా నవ్వేసింది.

నర్సింహులు చాలాసేపు బిగబట్టుకున్నాడు గానీ ఆమెను చూసి చివరికి తనకూ నవ్వు ఆగలేదు. చాయ్ తాగి లేచి, భుజం మీది తువ్వాలుతో కుర్చీ మళ్లీ తుడిచాడు.

"కూసో సార్. ఏం రాసుకుంటవో రాసుకో."

మొదటి రెండు రోజులు రాసుకోవడానికి ఏమీ దొరకలేదు. నర్సింహులు మోటారు మీద అరచెయ్యి పెట్టి బేరింగు పోయిందనేవాడు. ఎట్ల తెలిసింది బాపూ అంటే, తెలుస్తది అనేవాడు. తీగ లాగుతూ ఇంత చాలు అనేవాడు. ఎంత అంటే, గంతే అనేవాడు. నాలుగోసారి అడిగితే కోపం వచ్చేది. "నీకు చెప్పుకుంట కూసుంటె పని ఎప్పుడైతది?" పని నేర్చుకుంటామని వచ్చినవాళ్లు ఈ షాపులో నెల తిరక్కుండా ఎందుకు వెళ్లిపోయేవారో అభిలాష్‌కు ఇప్పుడు అర్థమైంది.

మూడో రోజు నర్సింహులు, కరెంటు బయటికి తగలకుండా పైన సన్నటి పూత ఉండే కొత్త తీగను వేళ్ల మధ్య నుంచి జారనిస్తూ ఒకచోట ఆగాడు.

"ఇక్కడ పూత పోయింది."

అభిలాష్ దీపం కింద పెట్టి చూశాడు. ఏమీ కనిపించలేదు. గోరుతో గీకి చూశాడు. ఏమీ తగల్లేదు.

"గోరుతోని కాదురా" అంది చిలకమ్మ కాగితం కత్తిరిస్తూనే. "వేలి మెత్తతోని చూడు. కండ్లు మూసుకో. గట్టిగ పట్టకు, చీమ నడుస్తున్నట్టు పోనియ్యి."

అభిలాష్ అలాగే చేశాడు. మొదటిసారి దొరకలేదు. రెండోసారి వేలికి ఎక్కడో సన్నటి గరుకు తగిలింది.

"దొరికింది! నీకెట్ల తెలుసమ్మా?"

"ఇరవయ్యేండ్ల సంది మీ బాపు చేతులే చూస్తున్న గద. ఎవరన్న అడిగితె గద చెప్పేది."

"నేను కండ్లు మూసుకుంటనా?" అన్నాడు నర్సింహులు ఆశ్చర్యంగా.

"మూసుకుంటవు."

నమ్మకం కుదరక ఆయన తీగను మళ్లీ వేళ్ల మధ్య పోనిచ్చాడు. సగంలో కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. గబుక్కున తెరిచి, షాపు అదిరేలా నవ్వాడు.

ఆ తర్వాత పని సాగింది. నర్సింహులు చేసేవాడు, ఏం చేశాడో చిలకమ్మ చెప్పేది, అభిలాష్ రాసుకునేవాడు, రాసింది తన చేతులతో చేసి చూసేవాడు. వేళ్లు తెగాయి. వారం తిరిగేసరికి నలభై పేజీలయ్యాయి.

వీర్రాజు గారు ఆ నలభై పేజీలూ నిలబడే చదివారు. ఒక్కటీ చించలేదు.

"ఇందులో మా బాపు, మా బాపు అని రాశావు. మీ నాన్నగారు ఇంత పనిమంతుడైతే మొదటిరోజే చెప్పవేం?"

అభిలాష్ తల దించుకున్నాడు. ఆయన రెట్టించలేదు. "చివరి పరీక్ష పాఠానికి ఆయన్ని తీసుకురా. ఆయన చెయ్యాలి, నువ్వు నేర్పాలి" అన్నారు.

పరీక్ష రోజున దగ్గర్లోని వృత్తి విద్యా పాఠశాల నుంచి పదిహేను మంది విద్యార్థులు వచ్చారు. మార్కులు వెయ్యడానికి మాసబ్ ట్యాంక్‌లోని సాంకేతిక విద్యా శాఖ ఆఫీసు నుంచి మంజూష మేడమ్ వచ్చారు. నర్సింహులు తెల్ల చొక్కాలో మెరిసిపోతున్నాడు. కానీ తీగ చేతికి రాగానే అన్నీ మరిచిపోయి, షాపులో ఉన్నట్టే చకచకా చుట్టుకుపోయాడు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ముందు వరసలో సంగీత అనే అమ్మాయి తనకు తోచినట్టు తీగ లాగింది. అది పుటుక్కున తెగింది.

"గట్ల గాదు! ఎన్నిసార్లు చెప్పాలె!" అని అరిచాడు నర్సింహులు. నిజానికి ఒక్కసారి కూడా చెప్పలేదు.

సంగీత బిక్కచచ్చిపోయింది. మంజూష మేడమ్ కాగితం మీద ఏదో రాసుకున్నారు. వెనక వరసలో రాగసుధ ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుంది.

అభిలాష్ చేతిలో సుద్దముక్క ఉంది. బోర్డు మీద బొమ్మతో మొదలుపెట్టాలని రాత్రంతా అనుకుని వచ్చాడు. సుద్దముక్క పక్కన పెట్టేశాడు.

"బాపూ, ఒక్క నిమిషం ఆగు. సంగీతా, తప్పు నీది కాదు. మేమిద్దరం తొందరపడ్డం."

పాఠం చివర్లో ఇవ్వాలని తెచ్చుకున్న తీగ ముక్కలు అందరికీ తలా రెండు పంచాడు. ఒకదానికి మాత్రం ఒకచోట పూత గీకి ఉంది. "ఎక్కడ పోయిందో పట్టుకోవాలె. కండ్లు మూసుకోండ్రి. వేలి మెత్తతోని చూడుండ్రి. మేడమ్, మీరు సుత."

మంజూష మేడమ్ ఒక్క క్షణం తటపటాయించి, పెన్ను పక్కన పెట్టి కళ్లు మూసుకున్నారు. పదహారు మంది కళ్లు మూసుకుని తీగలు తడుముతుంటే గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

"సార్, దొరికింది! ఇసుక లెక్క తగుల్తుంది!" అని అరిచింది సంగీత. తర్వాత ఇంకొకరు, మరొకరు. మంజూష మేడమ్‌కు మాత్రం దొరకలేదు. సంగీత లేచి ఆవిడ దగ్గరకు వెళ్లి, "మేడమ్, అంత గట్టిగ పట్టద్దు" అని వేలు పట్టుకుని చూపించింది. ఆవిడ ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగింది.

నర్సింహులు ఇదంతా కన్నార్పకుండా చూశాడు. మళ్లీ తీగ తీసుకున్నప్పుడు ఎవరూ చెప్పకుండానే నెమ్మదించాడు. "ఆగు బాపూ, మళ్ల ఒకసారి" అని కొడుకు అన్నప్పుడల్లా ఆగి, వెనక్కి తీసి, మళ్లీ చూపించాడు. విద్యార్థులు తీగచుట్టలను మోటారు లోపలి ఇనుప గాడుల్లో కూర్చారు. చివర్లో తీగ ఇనుముకు ఎక్కడైనా తగులుతోందేమో టెస్ట్ లైటుతో చూశారు. లైటు వెలగలేదంటే పని బాగా కుదిరినట్టు. వెలగని లైటును చూసి పదిహేను మందీ చప్పట్లు కొట్టారు.

"పన్నెండు నిమిషాలు ఎక్కువ తీసుకున్నారు" అన్నారు మంజూష మేడమ్ వెళ్లేముందు. "ఆ పన్నెండింటిలో ఏది తీసెయ్యమనాలో నాకు తెలియడం లేదు."

ఫలితాల్లో రాగసుధ మొదట వచ్చింది, అభిలాష్ రెండోవాడు. పటాన్‌చెరులో ఒక వృత్తి విద్యా పాఠశాల అతన్ని తీసుకుంది. "నా కొడుకు సారు" అని నర్సింహులు మధురానగర్ అంతా చెప్పుకున్నాడు. ఆ నెలలోనే వీర్రాజు గారు షాపుకు వచ్చి, కొత్త బ్యాచికి శనివారాలు పని చూపించాలని అడిగారు.

"చూపిస్త సార్. కాని చిలకమ్మ సుత రావాలె. చేసుడు నాది, చెప్పుడు ఆమెది."

"ఇద్దరూ రండి. అంతకన్నా ఏం కావాలి?" అన్నారు వీర్రాజు గారు.

మొదటి శనివారం ఇద్దరూ బస్సులో పంజాగుట్ట వెళ్లారు. కొత్తగా చేరిన ఇంజనీర్లు ఇరవైనాలుగు మంది బల్లల వెనక వరసగా నిలబడి ఉన్నారు. చిలకమ్మ కొంగు నడుముకు బిగించుకుని ముందుకు వచ్చింది.

"గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నారు అందరూ ఒక్కసారిగా.

ఆమె ముందు సిగ్గుపడింది, తర్వాత గొంతు సవరించుకుంది.

"మంచిది. మొదలు మీ పేర్లు చెప్పుండ్రి."