గోడకీ తలకీ మధ్య

సాబిరా మడమలు గోడకి ఆనించి నిలబడి, తల వెనక్కి చెయ్యి పోనిచ్చింది. గోడకీ తలకీ మధ్య ఇన్నాళ్లూ మూడు వేళ్లు పట్టేవి. ఇవాళ నాలుగో వేలు కూడా సులువుగా దూరింది. చెయ్యి తీసి మళ్లీ పెట్టింది. నాలుగే.

"ఏమైందమ్మీ?" అంది కూతురు షిరీన్.

"ఏం లేదు," అని బుర్ఖా తగిలించుకుని, తంగెళ్లమూడిలో తివాచీలు నేసే షెడ్డుకి నడిచింది.

యాభై మూడేళ్ల మనిషి. పన్నెండో ఏట మగ్గం ముందు కూర్చుంది. రోజంతా మెడ ముందుకి చాచి ఉన్ని ముడులు వెయ్యడమే పని. వీపు ఎప్పుడు వంగిందో ఆమెకే తెలియదు. రెండు నెలల కిందట నీళ్ల బిందె ఎత్తుతుంటే నడివీపులో ఏదో చిట్లినట్టయింది. ఎక్స్‌రే తీసి, వెన్నుపూస ఒకటి ముందువైపు నలిగిందన్నారు.

నొప్పిని ఓర్చుకోగలదు. భయం వేరు. తల్లి కూడా మగ్గం మనిషే. చివరి రెండేళ్లూ ఆవిడ ఎవరి ముఖమూ చూడలేదు. పాదాలు చూసి వచ్చిందెవరో చెప్పేది. గడ్డం రొమ్ముకి ఆనుకుపోయి, ఊపిరి చాలక, కూర్చున్నచోటే పోయింది. ఆఖరి స్నానం చేయించేటప్పుడు కూడా ఒళ్లు వెల్లకిలా ఆనలేదు.

మధ్యాహ్నం ముడి వేస్తుండగా ఊపిరి సగంలో ఆగినట్టయింది. లేచి, ఫిజియోథెరపీ చేసే ప్రీతి దగ్గరికి రిక్షాలో వెళ్లింది. ప్రీతి ఆమెని గోడకి నిలబెట్టి తనే కొలిచింది.

"మా అమ్మలా అయిపోతానాండీ?"

ప్రీతి ఆమెని కుర్చీలో కూర్చోబెట్టింది. "నలిగిన ఎముక మళ్లీ నిలబడదండీ. డాక్టరుగారిచ్చిన మాత్రలు మానకండి. భుజాలు వెనక్కి లాగే కసరత్తు రోజూ చెయ్యండి. వంగి బరువెత్తకండి. ఇంకో ఎముక నలగకుండా చాలామటుకు ఆపొచ్చు. కానీ ఆ మగ్గం దగ్గర రోజంతా అలా వంగి కూర్చుంటే..."

"నాకు వచ్చిన పని అదొక్కటేనండీ."

"అందుకే చెప్పడానికి నోరు రావట్లేదండీ."

సాయంత్రం షెడ్డు యజమాని చాంద్ బాషా ఎదుట నిలబడింది. "రేపట్నుంచి రానండీ."

"తివాచీ సగంలో ఉంది కదమ్మా."

"పూర్తిచేసేదాకా కూర్చుంటే మళ్లీ లేవలేనేమోనండీ. భయంగా ఉంది."

ఆయన ఆమె వీపు వైపు చూసి తల దించుకున్నాడు.

సాబిరా రోడ్డెక్కి గడ్డం పైకెత్తి నడవబోయింది. కరెంటు తీగలు, మేడలు, ఆకాశం అన్నీ ఒక్కసారి కళ్లలో పడేసరికి కళ్లు తిరిగి పక్క గోడ పట్టుకుంది. కాసేపటికి వదిలి నడిచింది.

పాత చీరముక్కలు కుక్కి కూర్చోడానికి ఆమె కుట్టుకున్న చిన్న దిండు షెడ్డులో మగ్గం ముందు బల్ల మీదే ఉండిపోయింది, మధ్యలో లోతుగా నొక్కుకుపోయి.